పరమాణు నమూనాలు – సాదృశ్యం, పరిభాష: తెలుగు వైజ్ఞానిక వచనంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

పరమాణు నిర్మాణాన్ని వివరించే నమూనాలు 19వ శతాబ్ది ఆరంభం నుంచి పలుమార్లు మారాయి. ఈ మార్పుల చరిత్ర తెలుగు విద్యార్థికి ప్రధానంగా పుచ్చకాయ, సౌరకుటుంబం, మేఘం అనే మూడు పోలికల ద్వారా అందుతోంది. అలంకారశాస్త్రం చూపిన ఉపమేయ, ఉపమాన, సమానధర్మ విభాగాన్ని ఆధారం చేసుకొని ఈ పోలికలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. నమూనా మారిన ప్రతిసారీ శాస్త్రంలో ఉపమానం తొలగి సమానధర్మం నిలిచిందని, బోధనా వచనంలో మాత్రం ఉపమానమే నిలిచి సమానధర్మం లోపిస్తోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'పరమాణువు', 'నమూనా', 'కక్ష్య', 'కర్పరం' వంటి పరిభాషాపదాలు ఈ స్థితికి ఎంతవరకు కారణమో కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పరమాణువు, నమూనా, ఉపమ, రూపకం, అనన్వయం, అనుమాన ప్రమాణం, పరిభాష, తెలుగు మాధ్యమం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పు భాగంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ వరకు సాగే రహదారి పోటీపరీక్షల శిక్షణకు పేరుపొందింది. ఉపాధ్యాయ నియామకానికీ, గ్రూప్స్ పరీక్షలకూ సిద్ధమయ్యే తెలుగు మాధ్యమ పట్టభద్రులు జిల్లాల నుంచి వచ్చి ఈ ప్రాంతపు వసతిగృహాలలో ఉంటూ చదువుకుంటారు. వారి చేతిలోని జనరల్ సైన్స్ పుస్తకంలో పరమాణు నిర్మాణం సాధారణంగా ఒక పట్టికగా కుదించబడి కనిపిస్తుంది. ఒక వైపు శాస్త్రవేత్త పేరు, మరో వైపు నమూనా పేరు, మధ్యలో సంవత్సరం. థామ్సన్ అనగానే పుచ్చకాయ, రూథర్‌ఫర్డ్ అనగానే గ్రహమండలం అని జతపరచగలిగితే ప్రశ్నకు మార్కు లభిస్తుంది.

పరీక్ష అవసరానికి ఈ కుదింపు సహజమే. అయితే ఉపాధ్యాయ నియామక పరీక్షకు సిద్ధమవుతున్న అభ్యర్థి రేపు తరగతి గదిలో ఇదే పాఠాన్ని చెప్పవలసినవాడు. అతనికి పేరు, పోలిక మాత్రమే అందితే, అతని విద్యార్థికి కూడా అవే అందుతాయి. ఫలానా శాస్త్రవేత్త అలా ఎందుకు అనుకున్నాడు, తరువాతివారు దానిని ఎందుకు విడిచిపెట్టారు అన్న ప్రశ్నలు రెండు తరాలలోనూ మిగిలిపోతాయి. అప్పుడు విజ్ఞానశాస్త్ర చరిత్ర తప్పులు చేసినవారి వరుసగానూ, చివరివాడు మాత్రమే ఒప్పు చెప్పినట్టుగానూ తోస్తుంది. ఈ దృష్టిలో చూస్తే పరమాణు పాఠంలోని భాష సాహిత్య విమర్శకు కూడా విషయమవుతుంది.

2. పేరులోని చరిత్ర

'పరమాణువు' అనే మాట వైశేషిక దర్శనం నుంచి వచ్చింది. కణాదునితో ముడిపడిన ఆ దర్శనంలో పృథివి, జలం, తేజస్సు, వాయువు అనే నాలుగు భూతాలకు నాలుగు రకాల నిత్యమైన పరమాణువులున్నాయి. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం ఏర్పడతాయి. విభజనకు అంతం లేదంటే ఆవగింజలోనూ మేరుపర్వతంలోనూ అవయవాలు అనంతమే కావాలి కనుక ఆ రెంటి పరిమాణంలో భేదం చెప్పలేమన్నది ఈ సంప్రదాయం చూపిన ప్రసిద్ధమైన యుక్తి.

హైదరాబాదులోనే ఈ వస్తువుకు ఒకప్పుడు మరో పేరు కూడా ఉండేది. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాఠ్యగ్రంథాలు సమకూర్చడానికి అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. ఉర్దూ శాస్త్రపరిభాషలో పరమాణువు 'జౌహర్', అణువు 'సాలిమా'. జౌహర్ అనే మాటకు రత్నమనీ, సారమనీ అర్థాలున్నాయి. ఇస్లామీయ కలామ్ తాత్వికుల చర్చలలో అది అవిభాజ్యమైన కణానికి కూడా పేరు. ఈ విధంగా డాల్టన్ పరమాణువు ఈ నగరానికి వచ్చేసరికి దానికోసం రెండు ప్రాచీన తాత్విక సంప్రదాయాల మాటలు సిద్ధంగా ఉన్నాయి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను వెలువరించడంతో తెలుగు మాధ్యమ ఉన్నతవిద్యలో పరమాణువు స్థిరపడింది.

పాత మాటను కొత్త భావానికి వాడటంలో లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. మాట పరిచితం కావడం లాభం. మాట ఒకటే కనుక భావమూ ఒకటేనని భ్రమపడటం ప్రమాదం. వైశేషిక పరమాణువులు గంధ, రస, రూప, స్పర్శల వంటి గుణాలను బట్టి వేరుపడతాయి. 1808లో గ్రంథరూపం పొందిన డాల్టన్ సిద్ధాంతంలో మూలకాల పరమాణువులు బరువును బట్టి వేరుపడతాయి; అవి సరళమైన పూర్ణసంఖ్యల నిష్పత్తిలో సంయోగం చెందుతాయి. మొదటిది అనంత విభజన అనే తార్కిక సమస్యకు సమాధానం. రెండవది రసాయన సంయోగాలలోని భారనిష్పత్తులకు సమాధానం. కనుక 'కణాదుడు డాల్టన్ కంటే ముందే చెప్పాడు' అనే ప్రచారవాక్యం ఈ ఇద్దరికీ న్యాయం చేయదు. సాదృశ్యమున్న చోట అభేదాన్ని ఆరోపించడమే ఇందులోని దోషం.

వ్యవహారంలో మరొక చిక్కు కూడా ఉంది. పాఠ్యపుస్తకంలో అణువు అంటే పరమాణువుల కలయిక. పత్రికాభాషలో మాత్రం అణుశక్తి, అణుబాంబు, అణువిద్యుత్తు అన్న చోట్ల అణువు అంటే పరమాణువు, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే పరమాణు కేంద్రకం. ఒకే మాట మూడు స్థాయిలలోని మూడు వస్తువులను సూచిస్తున్నప్పుడు, ఆ స్థాయీభేదాన్ని వివరించే బాధ్యత పాఠం మీదే పడుతుంది.

3. 'నమూనా' అనే మాట

థామ్సన్ నమూనా, బోర్ నమూనా అన్న చోట 'నమూనా' పారసీక మూలం నుంచి తెలుగులో కలిసిపోయిన మాట. వ్యవహారంలో దానికి రెండు అర్థాలు బలంగా ఉన్నాయి. మొదటిది మచ్చు: ధాన్యపు బస్తాలో నుంచి తీసి చూపే గుప్పెడు గింజలు, దుకాణంలో చూపే గుడ్డముక్క. ఇక్కడ నమూనా అసలు వస్తువులోని భాగమే. రెండవది కార్యాలయాలలో పూరించే పత్రం. ఇక్కడ నమూనా ముందే నిర్ణయమైన చట్రం.

వైజ్ఞానిక నమూనా ఈ రెండింటిలో ఏదీ కాదు. అది పరమాణువులో నుంచి తీసిన ముక్క కాదు. పరమాణువు తప్పక ఇమడవలసిన చట్రమూ కాదు. కొన్ని ప్రయోగఫలితాలు ఎందుకు అలా వచ్చాయో చెప్పడానికి, రాబోయే ఫలితాలను ముందే లెక్కగట్టడానికి కల్పించుకొన్న నిర్మాణం. మచ్చు అనే అర్థం మనసులో ఉన్న విద్యార్థి 'థామ్సన్ నమూనా తప్పని తేలింది' అని చదివినప్పుడు, థామ్సన్ చూపిన మచ్చు నకిలీది కాబోలని అనుకొనే అవకాశముంది. పదాన్ని మార్చడం ఇప్పుడు సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఆ పదానికి శాస్త్రంలో ఉన్న ప్రత్యేకార్థాన్ని పాఠారంభంలోనే చెప్పడం మాత్రం అవసరం.

4. పుచ్చకాయ: ధర్మం లోపించిన ఉపమ

ఉపమాలంకారానికి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే నాలుగు అంగాలు. ఓరుగల్లులో వెలసిన విద్యానాథుని 'ప్రతాపరుద్రీయం' మొదలు తెలుగులో భట్టుమూర్తి 'కావ్యాలంకారసంగ్రహం' వరకు లక్షణగ్రంథాలు ఈ విభాగాన్ని సూక్ష్మంగా చర్చించాయి. నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఏదైనా లోపిస్తే లుప్తోపమ. కావ్యంలో సమానధర్మాన్ని చెప్పకపోవడం ఒక సొగసు. సహృదయుడు దానిని ఊహించి ఆనందిస్తాడు. శాస్త్రపాఠంలో ఆ లోపాన్ని పూరించగల సామగ్రి విద్యార్థి దగ్గర ఉండదు.

1897లో కాథోడ్ కిరణాల ప్రయోగాల ద్వారా ఎలక్ట్రాన్ ఉనికిని నిరూపించిన జె. జె. థామ్సన్, 1904లో తన పరమాణు నమూనాను సవివరంగా ప్రకటించాడు. ఏకరీతిగా పరచుకొన్న ధనావేశ గోళంలో రుణావేశ కణాలు ఉన్నాయన్నది దాని సారం. దీనికి ఇంగ్లండులో ఎండుద్రాక్షలు వేసిన పుడ్డింగ్‌తో పోలిక ప్రచారమైంది. ఆ పోలిక థామ్సన్ చేసినది కాదు. ఆ వంటకం తెలుగువారికి పరిచితం కాదు కనుక మన పాఠాలలో పుచ్చకాయ ప్రధానమైంది. ఎర్రని గుజ్జు ధనావేశం, నల్లని గింజలు ఎలక్ట్రాన్లు. తరువాత బాటసింగారానికి తరలిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దశాబ్దాలపాటు నడిచిన కొత్తపేటలో ఇంతకంటే సులభంగా అర్థమయ్యే పోలిక మరొకటి ఉండదు.

అయితే ఈ పోలికలో పోయినది ఏమిటో గమనించాలి. థామ్సన్ ఎలక్ట్రాన్లు గుజ్జులో ఇరుక్కొన్న గింజలు కావు. అవి ఏకకేంద్ర వలయాలలో పరిభ్రమిస్తాయి. ఒక్కొక్క వలయంలో ఎన్ని కణాలుంటే అమరిక స్థిరంగా ఉంటుందో థామ్సన్ లెక్కగట్టాడు. నీటిపై తేలే అయస్కాంతపు సూదులతో ఆల్ఫ్రెడ్ మేయర్ చేసిన ప్రయోగాన్ని ఇందుకు తోడు తెచ్చుకొన్నాడు. వలయాల అమరిక పునరావృతమవుతుంది కనుకనే మూలకాల ధర్మాలు ఆవర్తన పట్టికలో పునరావృతమవుతున్నాయని సూచించాడు. ధనావేశ గోళం తరువాత నిలవలేదు. మూలకాల ఆవర్తనానికి ఎలక్ట్రాన్ల సమూహాల అమరికే కారణమన్న ఊహ మాత్రం నేటికీ రసాయనశాస్త్రానికి ఆధారం. పుచ్చకాయ పోలిక నిలవని గోళాన్ని చూపించి, నిలిచిన అమరికను దాచిపెట్టింది.

5. సౌరకుటుంబం: రూపకంగా మారిన ఉపమ

1909లో గైగర్, మార్స్‌డెన్ మాంచెస్టరులో లోహపు రేకులపై ఆల్ఫా కణాలను ప్రయోగించారు. ప్లాటినం మీద పడినవాటిలో దాదాపు 8000కు ఒకటి వెనుదిరిగి వచ్చింది. ఆవేశం గోళమంతటా పలుచగా పరచుకొని ఉంటే ఇది జరగదు. పరమాణువులోని ఆవేశం, ద్రవ్యరాశిలో అత్యధిక భాగం అతిసూక్ష్మమైన కేంద్రంలో ఉన్నాయని రూథర్‌ఫర్డ్ 1911లో అనుమితి చేశాడు. పరమాణువు వ్యాసం సుమారు మీటరులో వెయ్యి కోట్లవ వంతు. కేంద్రకం దానికంటే పదివేల నుంచి లక్ష రెట్లు చిన్నది.

రూథర్‌ఫర్డ్ 1911 నాటి వ్యాసంలో ఎలక్ట్రాన్లు గ్రహాలవలె తిరుగుతున్నాయని చెప్పడం ప్రధానాంశం కాదు. ఎలక్ట్రాన్ల అమరిక, దాని స్థిరత్వం అనే ప్రశ్నలను ఆయన అప్పటికి పక్కన పెట్టాడు. శనిగ్రహ వలయాలను పోలిన నమూనాను 1904లో ప్రతిపాదించిన జపాను శాస్త్రవేత్త నాగవోకాను మాత్రం ప్రస్తావించాడు. రూథర్‌ఫర్డ్ ప్రతిపాదనలో నిగ్గు తేలినది ఆల్ఫా కణాలు ఏ కోణంలో ఎన్ని చెదురుతాయో చెప్పే సూత్రం. తరువాత వచ్చిన క్వాంటం గణితం కూడా అదే సూత్రాన్ని ఇచ్చింది. చిత్రం మారినా సంబంధం చెక్కుచెదరలేదు.

1913లో నీల్స్ బోర్ హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్‌కు కొన్ని నిర్ణీత కక్ష్యలనే అనుమతించాడు. వాటిలో ఉన్నంతసేపు అది శక్తిని వికిరణం చేయదనీ, ఒక స్థాయి నుంచి మరొక స్థాయికి మారినప్పుడే కాంతిని వెలువరిస్తుందనీ ప్రతిపాదించాడు. 1885 నుంచి వివరణ లేకుండా ఉన్న బామర్ వర్ణపట సూత్రం దీనితో సాధింపబడింది. మొదటి కక్ష్య వ్యాసార్ధం 0.53 ఆంగ్‌స్ట్రామ్ అని తేలింది. ఇక్కడే గ్రహాల పోలిక తన హద్దును చేరింది. గ్రహం ఏ దూరంలోనైనా తిరగవచ్చు. బోర్ ఎలక్ట్రాన్ తిరగలేదు. గ్రహాలు పరస్పరం ఆకర్షించుకొంటాయి, ఎలక్ట్రాన్లు వికర్షించుకొంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, గ్రహంవలె తిరిగే ఆవేశకణం సంప్రదాయ భౌతికశాస్త్రం ప్రకారం శక్తిని కోల్పోయి, సెకనులో పదివేల కోట్లవ వంతు కాలానికి అటుఇటుగా కేంద్రకంలో పడిపోవాలి. అందుచేత బోర్ నమూనా సౌరకుటుంబపు పోలికను వాడుకొంటూనే దానిని నిరాకరించింది.

పాఠ్యవచనంలో ఈ నిరాకరణ వినిపించదు. 'ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ కక్ష్యలలో తిరుగుతాయి' అని వర్తమానకాలంలో, ఉపమావాచకం లేకుండా, నిశ్చయార్థకంగా వాక్యం సాగుతుంది. 'వలె' తొలగిపోగానే ఉపమ రూపకమైంది. ఉపమేయ, ఉపమానాలకు అభేదం కలిగింది. 'కక్ష్య' జ్యోతిషంలో గ్రహమార్గానికి స్థిరపడిన మాట కావడం కూడా ఈ అభేదానికి దోహదం చేసింది.

6. మేఘం: అనన్వయం వైపు

హీలియం వర్ణపటాన్ని, వర్ణపట రేఖల తీవ్రతలను బోర్ నమూనా వివరించలేకపోయింది. 1916లో సోమర్‌ఫెల్డ్ దీర్ఘవృత్త కక్ష్యలను చేర్చినా సమస్య తీరలేదు. 1924లో ద బ్రోలీ కణానికి తరంగస్వభావాన్ని ఆపాదించాడు. 1925లో హైసెన్‌బర్గ్, 1926లో ష్రోడింగర్ రెండు వేర్వేరు గణితరూపాలలో కొత్త యాంత్రికశాస్త్రాన్ని నిర్మించారు. తరంగ ప్రమేయం ఎలక్ట్రాన్ ఎక్కడ కనబడే అవకాశం ఎంతో చెబుతుందని 1926లోనే మాక్స్ బోర్న్ వ్యాఖ్యానించాడు. ఎలక్ట్రాన్ స్థానం, ద్రవ్యవేగం ఏకకాలంలో కచ్చితంగా నిర్ణీతం కావని 1927లో హైసెన్‌బర్గ్ చూపిన తరువాత, కక్ష్య అనే భావనకే ఆధారం పోయింది. హైడ్రోజన్ భూస్థాయిలో ఎలక్ట్రాన్ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం బోర్ చెప్పిన విలువ కాదు, శూన్యం. అయినా బోర్ శక్తిస్థాయిల విలువలు నిలిచాయి. ఎలక్ట్రాన్ కనబడటానికి అత్యధిక సంభావ్యత ఉన్న దూరం కూడా అదే 0.53 ఆంగ్‌స్ట్రామ్. ఈ స్థితిలో పాఠ్యవచనం 'ఎలక్ట్రాన్ మేఘం' అనే మూడవ పోలికను ఆశ్రయించింది. మేఘం పదార్థంగా పరచుకొంటుంది. ఎలక్ట్రాన్ మాత్రం కొలిచినప్పుడల్లా అఖండంగా ఒక చోటనే దొరుకుతుంది. రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం తరంగ ప్రమేయానికి ఆరు నిరూపకాలు కావాలి కనుక, మూడు పరిమాణాల ఆకాశంలో దాని బొమ్మ గీయడమే సాధ్యం కాదు.

సాటి వస్తువు లోకంలో లేనప్పుడు వస్తువును దానితోనే పోల్చడాన్ని అలంకారికులు అనన్వయమన్నారు. క్వాంటం నమూనాలోని ఎలక్ట్రాన్ ఈ స్థితిలో ఉంది. అది గింజ వంటిది కాదు, గ్రహం వంటిది కాదు, మేఘం వంటిదీ కాదు. ఎలక్ట్రాన్ ఎలక్ట్రాన్ వంటిదే. కావ్యంలో అనన్వయం వస్తువు సాటిలేనితనాన్ని చాటుతుంది. ఇక్కడ మాత్రం లోకానుభవం నుంచి ఉపమానం తెచ్చే మార్గం ముగిసి, సమీకరణం ఆ బాధ్యతను స్వీకరించిందని తెలుపుతుంది.

తెలుగు పరిభాష ఈ మలుపును పాక్షికంగానే పట్టుకొంది. 1932లో మల్లికెన్ 'ఆర్బిటాల్' అనే పేరును, కక్ష్యను తలపించేటట్లూ కక్ష్య కాదని తెలిసేటట్లూ ఏర్పరచాడు. తెలుగులో కక్ష్య సంస్కృతపదం, ఆర్బిటాల్ లిప్యంతరీకరణ. ఆ బంధుత్వం, ఆ భేదం రెండూ తెలుగు విద్యార్థికి కనబడవు. 'కర్పరం' అనే మాటకు పెంకు, కపాలం అనే అర్థాలుండటంతో పరమాణువు చుట్టూ గట్టి పొరలున్నట్టు స్ఫురిస్తుంది. ఇందుకు భిన్నంగా 'కేంద్రకం' మంచి ఎంపిక. ఆంగ్లపదానికి మూలమైన లాటిన్ మాటలోని గింజపప్పు ఉపమానాన్ని విడిచి, కేంద్రమనే సంబంధాన్ని మాత్రమే తీసుకొంది.

7. ఉపమానమా, అనుమానమా

శాస్త్రవచనానికి అలంకార విభాగాన్ని అన్వయించడం చమత్కారమే తప్ప ప్రయోజనం లేదన్న ఆక్షేపణ రావచ్చు. సమానధర్మాన్ని వేరు చేసి చూపడం ఇక్కడ సౌందర్యచర్చ కాదు, జ్ఞాననిర్ణయం. డాల్టన్ గట్టి గోళం పోయింది, పూర్ణసంఖ్యా నిష్పత్తి నిలిచింది. థామ్సన్ ధనావేశ గోళం పోయింది, ఎలక్ట్రాన్ల అమరికకూ ఆవర్తనానికీ గల సంబంధం నిలిచింది. రూథర్‌ఫర్డ్ పేర వెలసిన గ్రహమండలం పోయింది, పరిక్షేపణ సూత్రం నిలిచింది. బోర్ కక్ష్య పోయింది, శక్తిస్థాయి నిలిచింది. నాలుగు సందర్భాలలోనూ ఉపమానమే త్యాజ్యమైంది. విద్యార్థి కంఠస్థం చేస్తున్నది ఆ త్యాజ్యభాగాన్ని.

పోలిక లేకుండా పదమూడేళ్ల పిల్లవాడికి పాఠం ఎలా చెప్పాలన్నది మరింత బలమైన ఆక్షేపణ. పోలిక అవసరమే. న్యాయదర్శనం ఉపమానాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూ గవయం ఉదాహరణనిచ్చింది. గవయం ఆవువంటిదని విన్నవాడు అడవికి వెళ్లి ఆ మృగాన్ని చూసినప్పుడు దానిని గుర్తుపడతాడు. అక్కడ ఉపమానం ప్రత్యక్షంతో ముగుస్తుంది. పరమాణువు విషయంలో అటువంటి ముగింపు విద్యార్థికి లేదు. 'పరమాణువు' అనే మాటను ఇచ్చిన వైశేషికం ప్రత్యక్షానుమానాలను మాత్రమే ప్రమాణాలుగా అంగీకరించి, ఉపమానాన్ని వేరుగా గణించకపోవడం ఈ సందర్భంలో గమనార్హం. పరమాణువు ఆ దర్శనంలో కూడా పోలిక ద్వారా కాక అనుమానం ద్వారానే సిద్ధించింది. అనుమానమంటే నేటి వ్యవహారంలో సందేహం. శాస్త్రవిద్యార్థికి ఈ రెండు అర్థాలూ కావలసినవే.

అందుచేత పాఠ్యరచయిత పోలికతో ఆరంభించినా మూడు విషయాలను వెంటనే చెప్పవలసి ఉంటుంది. ఆ పోలికలో సమానధర్మం ఏది, ఏ ప్రయోగఫలితం ఆ ఊహను అవసరం చేసింది, ఏ ఫలితం దగ్గర ఆ పోలిక ఆగిపోయింది. ఒక్కొక్క నమూనాకు మూడు వాక్యాలు చాలు. 'తిరుగుతాయి' అనే చోట 'తిరుగుతాయని బోర్ ప్రతిపాదించాడు' అని రాయడానికి పుస్తకంలో స్థలం కొరత అడ్డురాదు.

ఈ పనికి తెలుగులో వనరులు లేకపోలేదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల కృషితో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి నాటినుంచి శాస్త్రవిషయాలు తెలుగు వచనంలోకి వస్తూనే ఉన్నాయి. రామన్ శిష్యుడు సూరి భగవంతం 1931లో తన గురువుతో కలిసి ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగనిదర్శనం చూపాడు. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడయ్యాడు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ జనరంజక విజ్ఞాన వ్యాసాలు రాశాడు. వేమూరి వేంకటేశ్వరరావు తెలుగు శాస్త్రపరిభాష కోసం నిఘంటు నిర్మాణం చేశాడు. జనరంజక రచనా స్రవంతికీ పాఠ్యపుస్తక, పోటీపరీక్షల వచనానికీ మధ్య రాకపోకలు పెరగవలసి ఉంది.

8. ముగింపు

పరమాణు నమూనాల చరిత్రను తప్పు నుంచి ఒప్పుకు సాగిన ప్రయాణంగా కాక, పోలికలు రాలిపోతూ సంబంధాలు మిగులుతూ వచ్చిన క్రమంగా చదవడం సముచితం. నమూనాను మచ్చుగా, ఉపమను రూపకంగా, పాత పేరును పాత భావంగా గ్రహించే మూడు పొరపాట్లకు బోధనా వచనమే తావిస్తోంది. ఈ లోపం తెలుగు భాషాశక్తికి సంబంధించినది కాదు. ఉపమేయ, ఉపమానాల భేదాన్ని, అనుమాన ప్రమాణాన్ని వందల ఏళ్లుగా చర్చించిన సంప్రదాయం తెలుగు పండితులకు అందుబాటులో ఉంది. సాహిత్యశాఖలు, భౌతిక రసాయనశాస్త్ర శాఖలు కలిసి 6 నుంచి 12వ తరగతి వరకు గల పాఠ్యపుస్తకాల భాషను ఈ దృష్టితో పరిశీలించడం పరిశోధకులకు యోగ్యమైన విషయం. శిక్షణ తరగతిలో పట్టిక బట్టీపట్టే అభ్యర్థి ఆ పట్టికలోని ప్రతి పేరు పక్కన 'ఎందుకు' అనే గడిని చేర్చుకోగలిగినప్పుడు, అతని తరువాతి తరానికి తెలుగులో విజ్ఞానశాస్త్రం అందుతుంది.